ఇచ్ఛాపురం దాటాక దిగండి: గంజాం తీరం, దాని వెనక కొండలు చూడటానికి నాలుగు రోజుల దారి

విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి పూరీ వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా రాత్రి బండే ఎక్కుతారు. ఇచ్ఛాపురం వచ్చేసరికి బోగీ అంతా గుర్రు పెడుతూ ఉంటుంది. కళ్ళు తెరిచేసరికి ఖుర్దా రోడ్డు. ఆ నిద్రలో దాటిపోయినవి ఏమిటంటే, అశోకుడు చెక్కించిన బండ ఒకటి, లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక తీరం ఒకటి, దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సు చిలికా ఒకటి. పట్టాల పక్కనే కొన్ని కిలోమీటర్ల పొడుగునా ఆ సరస్సు మెరుస్తూ ఉంటుంది. చూసేవాడే ఉండడు.

నేను బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ఏటా శీతాకాలం వచ్చేసరికి అవతలి వైపు నుంచి ఎవరో ఒక బంధువు ఫోన్ చేసి, "ఏరా, మీ వైపు చూడ్డానికి ఏవైనా ఉన్నాయా?" అని అడుగుతారు. గంటసేపు చెప్తాను. చివర్లో "అయితే పూరీ వెళ్తూ ఓ పూట దిగి చూస్తాంలే" అంటారు. ఓ పూటలో అయ్యే పని కాదిది. నాలుగు రోజులు కావాలి. ఆ నాలుగు రోజుల్నీ ఏ వరసలో పెట్టుకోవాలో ఈసారి రాసే పెడుతున్నాను.

ముందు నెల, తరవాత టికెట్

అందరూ చేసే తప్పు సెలవుల్ని బట్టి టికెట్లు తీసేసుకోవడం. దసరా సెలవుల్లో వస్తే చిలికాలో పిట్టలుండవు, తీరంలో తాబేళ్ళుండవు, పైగా తుఫాను భయం. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరులోనే, 2013 అక్టోబరు 12 రాత్రి. ఆ రాత్రి మా ఇంటి తలుపుకు బియ్యం బస్తాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. అందుకే అక్టోబరు అంటే నేను "ఆలోచించుకోండి" అంటాను.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చిలికాకు వలస పక్షులు వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా గట్టెక్కి గుడ్లు పెడతాయి. ఆ తరవాత నెలా పదిహేను రోజులకు, అటూ ఇటూగా, పిల్లలు ఇసుకలోంచి బయటికి వస్తాయి. చైత్రమాసం మంగళవారాల్లో తారాతరిణి కొండ దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. మొక్కున్నవాళ్ళు ఆ రోజే రావాలి, లేనివాళ్ళు ఆ రోజు ఆ వైపు పోకూడదు. వానాకాలంలో సముద్రం మొరటుగా ఉంటుంది. కానీ ఛత్రపూర్ చుట్టుపక్కల గట్ల మీద మొగలిపొదలు పూసేది అప్పుడే. మన ఆడవాళ్ళు జడలో పెట్టుకునే మొగలిరేకుల వాసన ఇక్కడ బట్టీల్లో కాగి అత్తరవుతుంది. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఒక్కసారే రాగలిగినవాళ్ళకు నేను చెప్పేది ఫిబ్రవరి రెండో సగం. చిలికాలో ఇంకా కొన్ని పక్షులు మిగిలే ఉంటాయి, తాబేళ్ళకు అవకాశం మొదలవుతుంది, పగలు ఎండ మాడ్చదు, రాత్రి తీరంలో శాలువా చాలు. శివరాత్రి కూడా కలిసొస్తే మహేంద్రగిరి మీద జాతర. అది వరమో శాపమో మీ ఓపికను బట్టి.

ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి

దిగాల్సింది బరంపురంలో. బోర్డు మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది, కంగారు పడకండి. హౌరా–చెన్నై మెయిన్ లైను కాబట్టి బళ్ళకు లోటు లేదు. సొంత కారులో వచ్చేవాళ్ళకు 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం నుంచి పాతిక కిలోమీటర్లు.

మొదటి రెండు రాత్రులు గోపాల్‌పూర్‌లోనో బరంపురంలోనో, మూడోది రంభలోనో బర్కుల్‌లోనో పెట్టుకోండి. ఒడిశా పర్యాటక సంస్థ వాళ్ళ పాంథనివాస్‌లు గోపాల్‌పూర్, రంభ, బర్కుల్, తప్తపాణి నాలుగు చోట్లా ఉన్నాయి. గదులు మరీ గొప్పగా ఉంటాయని చెప్పను. చోటు మాత్రం వాటికే బాగా కుదిరింది. శనాదివారాలకు ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకవు.

భాష గురించి టెన్షన్ వద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాయే. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే. పట్టు నేసే వీధుల్లో, కిరాణా కొట్లలో, గోపాల్‌పూర్ జాలరి పల్లెలో తెలుగు చెల్లుతుంది. మా తెలుగు మీకు కాస్త వంకరగా వినిపిస్తుంది, మీ తెలుగు మాకు టీవీ వార్తల్లా వినిపిస్తుంది. లోపలి పల్లెలకు వెళ్ళినప్పుడు మాత్రం రెండు మాటలు ఉపయోగపడతాయి: "కేతె?" అంటే ఎంత, "కేఉఁఠి?" అంటే ఎక్కడ. వాటి వెనక "భాఇ" తగిలిస్తే సగం బేరం కుదిరినట్టే.

మొదటి రోజు: గోపాల్‌పూర్, తొందర లేకుండా

బరంపురం నుంచి 16 కి.మీ. షేర్ ఆటోలు, బస్సులు ఉంటాయి. మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరితే చాలు. మొదటి రోజు ఇంకేమీ పెట్టుకోకండి.

విశాఖ బీచిని మనసులో పెట్టుకుని వస్తే గోపాల్‌పూర్ నిరాశపరుస్తుంది. చిన్న ఊరు, పెచ్చులూడిన పాత బంగళాలు, దీపస్తంభం, గట్టు మీద వేయించిన చేపల బళ్ళు, అంతే. దీన్ని చూడాల్సిన పద్ధతి వేరు. తీరంలో పాత జెట్టీ మిగిలిన స్తంభాలు కనిపిస్తాయి, అక్కడ కాసేపు నిలబడండి. బ్రిటిష్ కాలంలో ఇక్కణ్ణుంచి బర్మాకు ఓడలు నడిచేవి. గంజాం, శ్రీకాకుళం పల్లెల నుంచి వేలమంది కూలికి రంగం పోయింది ఈ రేవుల మీదుగానే. రంగూన్‌ను మన పెద్దవాళ్ళు రంగమనే అనేవారు. మా నాయనమ్మ ఎవరైనా చెప్పకుండా ఊరెళ్తే "వీడేంటి, రంగం పోయినట్టు పోయాడు" అనేది. ఆ మాటకు అర్థం నాకు ఈ స్తంభాల దగ్గరే తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను బర్మా మీద పడ్డాక ఆ రాకపోకలు తెగిపోయాయి, రేవు పడుకుండిపోయింది. ఇప్పుడున్న పెద్ద ఓడరేవు దానికి కాస్త దూరంలో, ఎప్పుడో తరవాత వచ్చింది.

తెల్లవారుజామున మళ్ళీ తీరానికి వెళ్ళండి. పడవలు ఒడ్డుకు చేరే వేళ అది. ఇక్కడి జాలరుల్ని ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. వల దులిపేటప్పుడు వాళ్ళు వేసుకునే జోకులు మీకు అర్థమైపోతాయి, జాగ్రత్త, అవి మీ మీదే కావచ్చు.

స్నానం విషయంలో ఒక్క మాట. ఇక్కడ గట్టు నిలువుగా దిగుతుంది, వెనక్కి లాగే అల బలమైనది. మోకాలు దాటి దిగకండి. పిల్లల చెయ్యి వదలకండి.

రెండో రోజు: ఋషికుల్య వెంట

నా దృష్టిలో ఈ ప్రయాణానికి గుండెకాయ ఈ రోజే. ఋషికుల్య దారింగ్‌బాడి వైపు కొండల్లో పుట్టి, 165 కి.మీ. ప్రవహించి గంజాం ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొద్దున ఎగువకు వెళ్ళి సాయంత్రానికి నదితోపాటు సముద్రం దగ్గరికి దిగి రావాలి. రోజంతటికీ కారో ఆటోయో మాట్లాడుకోండి. బస్సుల్లో ఇది సాగదు.

మొదట జౌగడ. బరంపురం నుంచి పురుషోత్తంపూర్ దారిలో, గంటకు పైగా పడుతుంది. చుట్టూ పొలాలు, మట్టి కోటగోడ ఆనవాళ్ళు, మధ్యలో పెద్ద బండ, దాని మీద బ్రాహ్మీ లిపిలో అశోకుడి శాసనాలు. పైన కప్పు వేసి, కమ్మీలు కట్టారు. పది నిమిషాల్లో చూసి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. "ఏముంది, రాయి" అంటారు. తెలుసుకుని వెళ్తే గంట సరిపోదు.

అశోకుడి పెద్ద శిలాశాసనాలు పద్నాలుగు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నవీ ఆ వరసలోవే. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి: లక్షమంది చనిపోయారు, లక్షన్నరమందిని చెరపట్టి తీసుకుపోయారు, అది తలుచుకుని రాజు బాధపడ్డాడు అని చెప్పే శాసనం. విచిత్రమేమిటంటే ఆ శాసనం కళింగలో లేదు. జౌగడలోనూ లేదు, భువనేశ్వర్ పక్కన ధౌళిలోనూ లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు తీసేసి, వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. ఓడిపోయిన ఊరివాళ్ళ ముందు ఆ చావుల లెక్క చదివించడం ఇష్టం లేకపోయిందేమో. గాయం మీద కారం చల్లకూడదనుకున్నాడనే నేను అనుకుంటాను.

మరి ఆ ప్రత్యేక శాసనాల్లో ఏముంది? సమాపా అనే పట్టణంలోని అధికారులకు ఆజ్ఞలు. మనుషులందరూ నా బిడ్డలు అంటాడు. కారణం లేకుండా ఎవరినీ బంధించొద్దు, హింసించొద్దు అంటాడు. ఇంకోదాంట్లో, రాజ్యం సరిహద్దుకు అవతల ఉన్న, ఇంకా జయించని జనం తనను చూసి భయపడకూడదని, ఆ సంగతి వాళ్ళకు తెలియజెప్పమని అంటాడు. సరిహద్దు జిల్లాలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఆ శాసనం మీద కాస్త మక్కువ ఎక్కువ. వీటిని తిష్య నక్షత్రం రోజున జనానికి చదివి వినిపించాలని కూడా రాశాడు. తిష్య అంటే మన పుష్యమే. క్యాలెండర్‌లో పుష్యమి చూసుకుని వెళ్ళే ఓపిక ఉంటే, ఆ బండ ముందు నిలబడి ఈ నాలుగు ముక్కలూ పిల్లలకు చెప్పండి.

ఊరివాళ్ళ కథ వేరు. జౌ అంటే లక్క, ఇది పాండవుల లక్క ఇల్లని వాళ్ళు చెప్తారు. వాదించకండి, వినండి.

జౌగడలో తినడానికి ఏమీ దొరకదు. పొద్దున బరంపురంలోనే పూరీ, ఉప్మా కలిపి కొట్టి బయల్దేరండి. అవును, రెండూ ఒకే విస్తట్లో, ఇక్కడ అలాగే తింటారు. ఆ రెండింటి జోడు కుదరదని ముఖం చిట్లించిన మా బావ రెండో రోజు తనే అడిగి మరీ పెట్టించుకున్నాడు.

అక్కణ్ణుంచి తారాతరిణి దగ్గరే. ఋషికుల్య ఒడ్డున కొండ, మీద జంట అమ్మవార్లు. 999 మెట్లు, రోప్‌వే, కారు దారి మూడూ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి లేనివాళ్ళు మెట్లెక్కి, రోప్‌వేలో దిగండి. పైనుంచి నది వంపు తిరిగే తీరు బాగా కనిపిస్తుంది. చంటిపిల్లల పుట్టువెంట్రుకలు ఇక్కడ ఇస్తారు. బరంపురం తెలుగు ఇళ్ళలోనూ చాలామందికి ఇదే ఆనవాయితీ, నా జుట్టూ ఇక్కడే తీయించారట.

మధ్యాహ్నం మూడు దాటాక గంజాం ఊరి పక్కన పోటగఢ్ కోట. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు అధికారి కట్టించాడు. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం, లోపల చెట్లు మొలిచిన శిథిలాలు. జిల్లాకు పేరిచ్చిన గంజాం ఒకప్పుడు పెద్ద పట్టణం. 1815 ప్రాంతంలో విషజ్వరాలు ఊరిని ఊడ్చేశాయి. దొరలు చాలామంది చనిపోవడంతో కచేరీని బరంపురానికి తరలించారు. తరవాత అది ఛత్రపూర్‌కు మారింది, ఇప్పటికీ జిల్లా కేంద్రం ఛత్రపూరే. గంజాం మాత్రం పేరు జిల్లాకిచ్చి తను పల్లెగా మిగిలిపోయింది. కోటలో తుప్పలెక్కువ, బూట్లు వేసుకోండి. చీకటి పడకముందే బయటికి రండి.

ఆ రాత్రి: తాబేళ్ళ దగ్గర ఎలా మెలగాలి

గంజాం నుంచి నది కలిసేచోటికి దగ్గరే. పురుణబంధ, గోఖరకుడా, పొడంపేట పల్లెల ముందున్న ఇసుక మీదకే తాబేళ్ళు వస్తాయి. ఒరిస్సా తీరంలో ఇలాంటి చోట్లు కొన్నే ఉన్నాయి. గహిరమథ అందరికీ తెలిసింది. ఋషికుల్య సంగతి శాస్త్రవేత్తలకు తెలిసింది 1994లో. అంతకుముందు పల్లెవాళ్ళకు తెలుసు, వాళ్ళనెవరూ అడగలేదు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడ గుడ్లు పెట్టిన తాబేళ్ళు ఆరు లక్షలు దాటాయని లెక్క తేలింది. అలాగని ఏటా వస్తాయని మాట ఇవ్వలేను. కొన్నేళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి వెనక్కి వచ్చేస్తాం. గాలి దక్షిణం నుంచి వీచడం మొదలైతే వస్తాయని పల్లెవాళ్ళ లెక్క. బయల్దేరే ముందు స్థానికంగా ఎవరినైనా కనుక్కోండి. గుంపు రాకపోయినా సీజన్లో ఒకటీ అరా కనిపిస్తూనే ఉంటాయి.

వచ్చాక ఏం చెయ్యాలంటే, ముందు ఊళ్ళోనే ఆగండి. తీరంలో అటవీ శాఖవాళ్ళు, పల్లె కుర్రాళ్ళు కాపలా ఉంటారు, వాళ్ళని అడగకుండా ఇసుక మీద అడుగు పెట్టొద్దు. వాళ్ళు వద్దంటే వద్దు. ఆలివ్ రిడ్లీ వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, దాన్ని ఇబ్బంది పెట్టడం నేరం. సెల్ లైటు ఆపేసి జేబులో పెట్టండి, ఫ్లాష్ అసలే వద్దు. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి పావుగంట పడుతుంది, తరవాత చుక్కల వెలుగే చాలు.

తాబేలు నీళ్ళలోంచి పైకి వచ్చేటప్పుడు ఎదురు నిలబడకండి, బెదిరి వెనక్కి పోతుంది. గొయ్యి తవ్వడం మొదలెట్టాక దాని వెనక వైపు, దూరంగా కూర్చోండి. వెనక కాళ్ళతోనే, చూడకుండానే, కుండలాంటి గొయ్యి తవ్వుతుంది. నూటికి అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ దిమ్మిస కొట్టినట్టు గట్టిపరుస్తుంది. అంతా గంట లోపే. కంటి వెంట నీళ్ళు కారుతుంటాయి. పక్కనున్నవాళ్ళు "ఏడుస్తోంది పాపం" అంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుంది, అంతే. అయినా చూస్తుంటే మనకే గొంతు పట్టుకుంటుంది.

ఏప్రిల్లో వస్తే పిల్లల్ని చూస్తారు. అవి ఇసుకలోంచి లేచి వెలుతురున్న వైపు పరిగెడతాయి. సముద్రం మీది వెలుగే వాటికి గుర్తు. వీధిదీపమో మీ కారు హెడ్‌లైటో కనిపిస్తే అటే నడిచి, పొద్దెక్కాక ఎండకు చచ్చిపోతాయి. దారి తప్పినదాన్ని చేతిలోకి తీసుకుని ఫొటో దిగాలని అందరికీ ఉంటుంది. వద్దు. కాపలావాళ్ళకు చూపించండి.

ఈ పల్లెల జాలరులకు ఇది ఊరికే వచ్చే పండగ కాదు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఇక్కడ తీరానికి 20 కి.మీ. లోపల వేట నిషేధం. ఏడు నెలలు. వెళ్ళినప్పుడు అక్కడి కొట్లో టీ తాగండి, అక్కడి కుర్రాణ్ణే గైడుగా పెట్టుకోండి, అడిగినంత ఇవ్వండి. నేనైతే అక్కడ బేరమాడను.

మూడో రోజు: చిలికా, రంభ వైపు నుంచి

చిలికా ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో పదకొండొందలు దాటుతుంది. ఒకే చోటినుంచి అంతా చూడాలనుకోవద్దు. ఎక్కడ ఏముందో తెలుసుకుని ఒకటి ఎంచుకోండి.

ఇరావతి డాల్ఫిన్లు కావాలంటే సాతపడా. అది సముద్రపు ముఖద్వారం వైపు, పూరీ నుంచి దగ్గర, మన దారిలో లేదు. పిట్టలు కావాలంటే నలబన దీవి వైపు బర్కుల్ నుంచి పడవ, లేదా ఇంకా ఉత్తరాన మంగళాజోడి చిత్తడి నేల. నిశ్శబ్దం, కొండలు, చిన్న చిన్న దీవులు కావాలంటే రంభ. నేను రంభ మనిషిని.

ఈ తేడా తెలియక నేనే ఒకసారి మోసపోయాను. హైదరాబాదు నుంచి వచ్చిన పిన్నివాళ్ళని తీసుకుని రేవులోకి వెళ్తే ఒక పడవతను "డాల్ఫిన్ గ్యారంటీ" అన్నాడు. అది డాల్ఫిన్లు తిరిగే వైపు కానే కాదని ఆరోజు నాకు తెలియదు. మూడు గంటలు ఎండలో తిప్పి, దూరంగా నీళ్ళలో తేలుతున్న వెదురు గడను చూపించి "అదుగో తోక" అన్నాడు. పిన్ని ఇప్పటికీ ఆ ఫొటో చూపిస్తుంది, డాల్ఫినేనని నమ్ముతుంది. నేను నోరు విప్పలేదు.

రంభలో పొద్దున ఆరింటికల్లా పడవెక్కండి. గాలి లేచాక నీళ్ళు పొంగుతాయి. ఎక్కే ముందు ఎన్ని దీవులు, ఎన్ని గంటలు, మొత్తం ఎంత అనేవి మూడూ తేల్చుకోండి. లైఫ్ జాకెట్ వేసుకోకుండా కూర్చోవద్దు. బీకన్ దీవి నిజానికి నీళ్ళ మధ్య ఒక బండ. దాని మీద చిన్న గది, పైన కోసుగా స్తంభం. గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ దొర కట్టించాడు. దీవుల పేర్లు బ్రేక్‌ఫాస్ట్, హనీమూన్ అంటూ దొరల కాలం నాటివే. హనీమూన్ దీవి అసలు పేరు బర్కుడా. కాళ్ళు లేని ఒక బల్లిజాతి జీవిని 1917లో శాస్త్రానికి పరిచయం చేసింది ఈ దీవి నుంచే, పేరు కూడా దీవిదే పెట్టారు. మట్టిలో దాక్కుని ఉంటుంది, మీకు కనిపించదు. కాళ్ళు లేనిది కనిపిస్తే పామని కొట్టకుండా ఉండటానికి ఈ ముక్క గుర్తుంటే చాలు.

బాలుగావ్ వైపు వెళ్తే కాళీజాయి దీవి. పెళ్ళయి అత్తారింటికి పడవలో వెళ్తున్న జాయి అనే అమ్మాయి గాలివానలో మునిగిపోయిందట, ఆమే అమ్మవారైందని నమ్మకం. పడవలవాళ్ళు ఆమెకు దండం పెట్టకుండా లోపలికి పోరు. మకర సంక్రాంతికి పెద్ద జాతర. కథ విషాదంగా ఉంటుంది, గుడి చుట్టూ మాత్రం గాజుల కొట్లు, మేకలు, కేకలు.

ఈ సరస్సు ఒకప్పుడు చచ్చిపోబోయిందని చాలామందికి తెలియదు. ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలలకు రామ్‌సర్ జాబితా అని ఒకటుంది. 1981లో మన దేశం నుంచి దానికెక్కిన మొదటి రెండిట్లో ఇది ఒకటి. పూడిక చేరి, సముద్రపు నీళ్ళు లోపలికి రాక, ఉప్పు తగ్గి, తూడు కమ్మేసి, చేపలు పడిపోయి, 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి వెళ్ళింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పునీళ్ళు వచ్చాయి, చేపలొచ్చాయి. 2002లో ఆ జాబితా నుంచి తీసేశారు. మధ్యాహ్నం బాలుగావ్‌లో మీరు తినే పీతల కూర ఆ కాలవ పుణ్యమే. పీతలు బతికున్నవి చూసి, తూకం వేయించుకుని, తరవాత వండించుకోండి. మెనూ కార్డులో ధర లేకపోతే ముందే అడగండి.

రైల్లో బరంపురం నుంచి ఉత్తరానికి వెళ్తుంటే చిలికా కుడివైపు వస్తుంది. పగటి బండిలో ఆ వైపు కిటికీ పట్టండి.

నాలుగో రోజు: రెండు దారులు, ఒకటే ఎంచుకోండి

పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే తప్తపాణి–చంద్రగిరి. బరంపురం నుంచి యాభై కిలోమీటర్లు వెళ్ళాక ఘాట్ రోడ్డులో గంధకపు వేడినీటి ఊట. పాంథనివాస్‌లో ఆ నీళ్ళనే కొన్ని గదుల తొట్లలోకి వదులుతారు. వాసన ఉడికిన గుడ్డులా ఉంటుంది, ఒళ్ళు మాత్రం హాయిగా ఉంటుంది. ఇంకా పైకి వెళ్తే చంద్రగిరిలో 1963 నుంచి స్థిరపడిన టిబెటన్ల ఊళ్ళు, జిరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ విహారం. మొక్కజొన్న చేల మధ్య ఆ బంగారు కప్పు చూస్తే ఎక్కడున్నామో కాసేపు అర్థం కాదు. సాయంత్రం అయిదింటికల్లా దిగిపోండి, ఘాట్‌లో పొగమంచు త్వరగా కమ్ముతుంది.

కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళకు మహేంద్రగిరి–పర్లాకిమిడి. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేసిన మహేంద్ర పర్వతం ఇదేనంటారు. మీద భీముడి పేర, కుంతి పేర, ధర్మరాజు పేర రాతి గుళ్ళు. భీముడి గుడి నాలుగు మూలలా పెద్ద పెద్ద రాళ్ళు పేర్చినట్టే ఉంటుంది, అలంకారం పెద్దగా లేదు, బరువే దాని అందం. ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గాంగులు తమ శాసనాల్లో ఈ కొండ మీది గోకర్ణేశ్వరుణ్ణే కులదైవంగా చెప్పుకున్నారు. ముఖలింగం చూసినవాళ్ళకు ఈ కొండ ఎక్కాక అది సగమే చూశామనిపిస్తుంది. ఇక్కడ పుట్టే మహేంద్రతనయ నది మన బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ దారికి ఎత్తుగా ఉండే బండే కావాలి, చిన్న కారు వద్దు. నీళ్ళు, తిండి కిందనుంచే తీసుకెళ్ళండి. వెళ్తూ సవర పల్లెలు దాటుతారు, ఇళ్ళ గోడల ఫొటోలు అడగకుండా తియ్యొద్దు.

రాత్రికి పర్లాకిమిడి. గజపతుల రాజభవనం బయటినుంచి చూసినా చాలు. ఆ వంశానికి చెందిన కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశాకు మొదటి ప్రధాని, అంటే ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి. నాకు మాత్రం ఈ ఊరు గిడుగు రామమూర్తి ఊరు. 1880లో ఇక్కడి రాజావారి బడిలో మాస్టారుగా చేరి, సవర భాష నేర్చుకుని, వాళ్ళకు వాచకాలు రాసి, ఆ అనుభవంతోనే వాడుక తెలుగు కోసం పోరాడాడు. 1936లో ఊరు ఒడిశాలో కలవడం ఇష్టం లేక రాజమండ్రి వెళ్ళిపోయాడు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేవాళ్ళు ఒక్కసారైనా ఈ వీధుల్లో నడవాలి. ఇంటికి ఏదైనా కొనాలంటే ఇక్కడి కొమ్ము బొమ్మలు కొనండి. కొంగ, రొయ్య బాగా చేస్తారు. చీర కావాలంటే మాత్రం బరంపురం పట్టే, అదీ నేతగాళ్ళ వీధిలో, అంచు మీద గుడి గోపురాల్లాంటి ఫోడా కుంభ ఉందో లేదో చూసుకుని.

తిరుగు ప్రయాణానికి మళ్ళీ బరంపురం రానక్కర్లేదు. పర్లాకిమిడి నుంచి నౌపడా వైపు రైలుంది. 1900లో రాజావారు వేయించిన చిన్న పట్టాల లైను ఇది, తరవాత గుణుపూర్ దాకా పొడిగించారు. ఇప్పుడది బ్రాడ్‌గేజి. బళ్ళు తక్కువ, కాబట్టి టైము ముందురోజే స్టేషన్లో కనుక్కోండి. అది తప్పితే పలాస బస్సు, గంటన్నర. పలాసలో దిగగానే జీడిపప్పు కొట్లవాళ్ళు చుట్టుముడతారు, అక్కడ మాత్రం బేరమాడండి.